నర్సింగ్ ఫస్ట్ ఇయర్, నల్లగొండల నెలకు 6 వేలు, ఎట్ల ఎల్లదీయాలె?

మర్రిగూడ_పిల్ల:

అందరికి నమస్తే. మాది మర్రిగూడ దిక్కు పల్లె. నల్లగొండల ఒక ప్రైవేట్ కాలేజీల బీఎస్సీ నర్సింగ్ ఫస్ట్ ఇయర్ చదువుతున్న, కన్వీనర్ కోటాల సీటొచ్చింది. మా నాయిన గీత కార్మికుడు, అమ్మ పత్తి ఏరబోతది, నాట్లకు పోతది. కల్లు పారినన్ని రోజులు ఇంట్ల నాలుగు పైసలు ఆడుతయి, వానలు పడ్డంక చేతుల ఏం ఉండదు. తమ్ముడు ఇంటర్ చదువుతుండు.

ఇంటికాడికెళ్లి నెలకు 6 వేలు పంపిస్తరు. లేడీస్ హాస్టల్‌కు 4,500 పోతయి. మిగిలిన 1,500ల ఫోన్ రీచార్జ్ 300, హాస్టల్ నుంచి ఆస్పత్రికి షేర్ ఆటో పోను 20 రాను 20, నెలకు 24 రోజులు లెక్కేస్తే 960. ఇంక చేతుల ఉండేది 240 రూపాయలు. దాంట్లనే సబ్బులు, ప్యాడ్లు, జిరాక్సులు, రికార్డు షీట్లు అన్నీ చూసుకోవాలె. కాలేజీలనేమో ఫీజు ఇప్పుడు మీరే కట్టుండ్రి, రీయింబర్స్‌మెంట్ వచ్చినంక వాపస్ ఇస్తం అన్నరు, ఏం జేస్తం, నాయిన ఊర్ల 40 వేలు నూటికి 3 రూపాల మిత్తికి తెచ్చి కట్టిండు. స్కాలర్‌షిప్ అప్లై చేసిన, ఇంక ఏం రాలే.

ఇంకొక సంగతి ఇంట్ల చెప్పలే, ఇక్కడ చెప్తున్న. క్లినికల్ పోస్టింగ్ (ఆస్పత్రిల పని నేర్చుకునే డ్యూటీ) రోజు పొద్దుగాల 8కి వార్డుల ఉండాలె, మా హాస్టల్‌ల టిఫిన్ 8.30కి పెడతరు, అందుకని పోస్టింగ్ ఉన్న రోజులు ఏం తినకుంటనే పోతున్న, పోయిన వారం మేల్ వార్డుల బెడ్ మేకింగ్ చేసుకుంట చేసుకుంట కండ్లు తిరిగి కూలబడ్డ. పేషెంట్ అటెండరే నన్ను పట్టుకొని స్టూల్ మీద కూసోబెట్టింది. మస్తు బాధయింది, నేను వాళ్లను చూసుకోవాల్సింది పోయి వాళ్లు నన్ను చూసుకుండ్రు.

మా ఊరికి తెలిసినాయన ఒకాయన టౌన్‌ల ఒక నర్సింగ్ హోంల నైట్ డ్యూటీ ఇప్పిస్త, రాత్రికి 250 ఇస్తరు, వారానికి మూడు రాత్రులు చాలు అంటుండు. నెలకు 3 వేలు అయితయి. పోవాల్నా వద్దా? ఇంక ఏమన్న తోవ ఉందా? సీనియర్లు, ఈ చదువు చదివినోళ్లు ఎట్ల ఎల్లదీసిండ్రో చెప్పుండ్రి. ప్లీజ్.

ఐసీయూ_అక్క_నల్లగొండ:

చెల్లె, నీ పోస్ట్ డ్యూటీ దిగి వచ్చినంక చదివిన, చదివి పండుకుందామంటే నిద్ర పట్టలే, అందుకని ఇప్పుడే రాస్తున్న. నేను కూడ నకిరేకల్ దిక్కు నుంచి వచ్చి ఇక్కడనే నాలుగేండ్లు చదివిన, ఇప్పుడు స్టాఫ్ నర్సు చేస్తున్న.

మొదలు కండ్లు తిరుగుడు సంగతి. అది ఒక్క రోజు టిఫిన్ తినకపోతే అయింది అనుకోకు. ముందుగాల రక్తం చూపించుకో, హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే ఆడోళ్లకు రక్తహీనత కిందనే లెక్క, మనం పుస్తకంల చదువుతనే ఉంటం గని మన చెయ్యి మనం చూపించుకోం. మీ పోస్టింగ్ గవర్నమెంట్ ఆస్పత్రిలనే అయితే అక్కడ ఈ పరీక్షకు పైస ఖర్చు లేదు, ఐరన్ గోలీలు కూడ ఊకెనే ఇస్తరు. గోలీ ఏసుకున్నప్పుడు చాయ్ తాగకు, గంట రెండు గంటలు దూరం పెట్టు, నిమ్మకాయ నీళ్లతోని ఏసుకుంటే మంచిగ పడతది. ఇది ఇయ్యాల్నో రేపో చెయ్యి, మిగిలిన లెక్కలు దీని తర్వాతనే.

ఇగ పొద్దుగాల తిండి. మా బ్యాచ్‌ల మేం చేసింది ఏందంటే, రాత్రి మెస్‌ల అన్నం కొంచెం డబ్బాల పక్కకు పెట్టుకొని దాంట్ల పెరుగు కలిపి పెట్టుకునేటోళ్లం, పొద్దుగాల 7కి ఉల్లిగడ్డ నంజుకొని తింటే పదకొండు దాక ఆకలి కాకపోయేది. అది లేని రోజు అటుకులు నీళ్లల్ల కడిగి పల్లీలు బెల్లం వేసుకొని తిన్నం. ఇంటికాడికెళ్లి వేంచిన పల్లీలు ఒక కిలో, బెల్లం ఒక అర్ధకిలో తెచ్చుకుంటే రెండు వారాలు ఎల్తయి. పల్లిపట్టి ఒకటి బ్యాగుల ఎప్పటికి ఉంచుకో, వార్డుల తల తిరిగినట్టు అనిపిస్తే సిగ్గుపడకు, సిస్టర్‌కు చెప్పి బయటకు పోయి తిను. హాస్టల్ వార్డెన్‌ను కూడ అడుగు, పోస్టింగ్ ఉన్నోళ్లు ఎంతమంది ఉన్నరో అందరు కలిసి పోయి 7.30 కల్లా ఇడ్లీయో ఉప్మనో డబ్బల ఇయ్యుమని అడగాలె, ఒక్కదానివి అడిగితే కాదు అంటరు, పది మంది పోతే వింటరు. మాకు అట్లనే ఇచ్చిండ్రు.

పైసల సంగతికొస్తే, నాకు నాలుగేండ్ల తర్వాత సమజైంది ఒకటుంది. మనకు పైసలు తక్కువ అనేది ఒక బాధ, గని అవి టైముకు రాకపోవుడు దానికంటే పెద్ద బాధ. ఖర్చేమో నెల నెల ఉంటది, వచ్చేటియి ఏడాదికో రెండేండ్లకో ఒక్కసారి పడతయి. ఆ నడుమల ఉన్న గ్యాప్‌లనే మనం మిత్తికి తెస్తం, గిర్వి పెడతం, అక్కడనే మునుగుతం. నేను సెకండ్ ఇయర్‌ల ఒక గోడ క్యాలెండర్ మీద నెల ఖర్చు కానియి అన్నీ రాసుకున్న, ఇప్పుడు సెమిస్టర్లు కాబట్టి ఆర్నెల్లకోసారి యూనివర్సిటీ పరీక్ష ఫీజు, రికార్డులు, లాగ్‌బుక్, ఒక జత యూనిఫాం, బూట్లు, కమ్యూనిటీ పోస్టింగ్‌ల ఊర్లకు తిరుగుడు, మూడో ఏడుల మానసిక వైద్యం పోస్టింగ్‌కు ఎర్రగడ్డ పోయి ఉండుడు, అన్ని కలిపితే నాకు ఏడాదికి 15,600 అయినయి. నెలకు 1,300. అంటే నాకు హాస్టల్ ఫీజు కాకుండ ప్రతి నెల ఇంకో 1,300 పోతున్నట్టే గని అది నాకు తెలుస్తలేదు, పరీక్ష ఫీజు వచ్చిన దినం అమ్మకు ఫోన్ చేసి ఏడ్చుడే. నువ్వు కూడ ఇట్ల రాసుకో, రాసుకొని మీ నాయినకు ముందే చెప్పు, కల్లు పారే రోజుల్లనే దాని కోసం పక్కకు తీయమను. ముందు తెలిస్తే పెద్దోళ్లు ఎట్లన్న సర్దుతరు, ఆ దినం చెప్తే షావుకారి దగ్గరికి పోతరు.

ఇంకొకటి రూము. మేం నలుగురం కలిసి ఆస్పత్రికి నడిచిపోయేంత దూరంల ఒక రూము తీసుకున్నం. కిరాయి 4,800, కరెంటు 400 దాక, తలా 1,300 పడ్డది. బియ్యం నలుగురం ఇంటికాడికెళ్లే తెచ్చుకునేటోళ్లం. మాకప్పుడు రేషన్ బియ్యం దొడ్డుగుండేటియి, ఇప్పుడు 2025 ఉగాది నుంచి రేషన్‌ల సన్నబియ్యమే ఇస్తున్నరు గదా, మనిషికి 6 కిలోలు, నీ పేరు మీద మీ ఇంట్ల వచ్చే 6 కిలోలు నువ్వు తినేటియే, అవి తెచ్చుకో. ఆడపిల్లవు కాబట్టి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల టికెట్ లేదు, ఆధార్ కార్డు దగ్గరుంటే చాలు, రెండు వారాలకోసారి ఊరికి పోయి బియ్యం, చింతపండు, కారం, తొక్కు తెచ్చుకోవచ్చు. పప్పు, నూనె, కూరగాయలు, గుడ్లు, పాలు, గ్యాస్ కలిపి మాకు తలా 1,400 అయింది. అంటే మొత్తం 2,700. నువ్వు ఇప్పుడు హాస్టల్‌కు ఆటోకు కలిపి 5,460 పెడుతున్నవు. సగం మిగులుతది చెల్లె.

అయితే వంట కష్టం ఉంటది, అబద్ధం చెప్ప. నలుగురి పోస్టింగ్ టైమ్‌లు చూసుకొని వంతులు వేసుకోవాలె, లేకుంటే నెల రోజులకే కొట్లాటలు అయితయి. మాకు ఒక పిల్లతోని అయింది, మధ్యల రూము ఇడిచి పోయింది, ఆ నెల ముగ్గురం 1,700 పైన కట్టుకున్నం. మీ కాలేజీ హాస్టల్‌లనే ఉండాలె అని రూల్ ఉందేమో ముందు అడుగు.

నైట్ డ్యూటీ వద్దు. దాని గురించి ఇంకెవరన్న చెప్తరు, నాకు ఇప్పుడు ఓపిక లేదు, గని వద్దు.

పాలమూరు_ల్యాబ్_తమ్ముడు:

నేను చెప్తా అక్కా దాని గురించి. నేను మహబూబ్‌నగర్‌లో డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేస్తున్నా. నాకు ఫ్రీ బస్సు లేదు, ఊరు మక్తల్ దిక్కు, పాస్ తీసుకొని తిరుగుతా, రూము కిరాయి కోసం పోయిన ఏడాది ఒక చిన్న ప్రైవేట్ ఆస్పత్రిలో నైట్ ఒప్పుకున్నా. పేరు చెప్పను. రాత్రికి 300 అన్నారు. రక్తం తీసుడు ఒక్కటే పని అన్నారు, తీరా పోయినంక ఐవీ పెట్టుడు, ఇంజెక్షన్లు ఇచ్చుడు, కట్లు కట్టుడు, ఆఖరికి రాత్రి రెండింటికి డాక్టర్ లేనప్పుడు ఫోన్‌లో చెప్తే మందులు ఇచ్చుడు కూడా నాతోనే చేయించారు. నాకు అప్పటికి రిజిస్ట్రేషన్ లేదు, చదువే అయిపోలేదు, ఏదన్నా అయితే ఎవరు బాధ్యులు అని అడిగే ధైర్యం కూడా లేకుండె.

మూడో వారంలో ఒక పేషెంట్‌కు రక్తం తీసి సూదికి మూత పెడుతుంటే నా వేలికి గుచ్చుకుంది. మూత పెట్టద్దు, నేరుగా డబ్బాలో వేయాలి అని చదువుకున్నా, అక్కడ ఆ డబ్బానే లేదు. వాళ్లకు చెప్తే స్పిరిట్‌తో తుడుచుకో ఏం కాదు అన్నారు. నేను వేలు సబ్బు పెట్టి పారే నీళ్ల కింద కడుక్కొని (పిండొద్దు, అట్ల నొక్కితే ఇంకా నష్టం) పొద్దుగాలనే జనరల్ ఆస్పత్రికి ఉరికిన. అక్కడ మంచిగా చూశారు. హెచ్‌ఐవీ రాకుండ ఇచ్చే మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, రెండు గంటల్లో అయితే ఇంకా మంచిది, 72 గంటలు దాటితే పని చేయవు, 28 రోజులు వాడాలి. అవి అక్కడ ఉచితంగానే ఇచ్చారు. ఆ నెల రోజులు వాంతులు, నీరసం, క్లాసులకు సరిగ్గా పోలే, అటెండెన్స్ పోయింది. ఆరు వారాలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి పరీక్ష చేయించుకున్న, ఏం లేదు అని వచ్చిన రోజు మా అమ్మకు అప్పుడు చెప్పిన మొదటిసారి.

నాకు ఆ మూడు వారాలకు రావాల్సిన పైసల్లో సగమే ఇచ్చారు. లెక్క చూసుకో చెల్లె, నెలకు 3 వేల కోసం నీ వేలు, నీ నిద్ర, నీ అటెండెన్స్ పెడుతున్నవు. అటెండెన్స్ 75 శాతం లేకపోతే స్కాలర్‌షిప్ కూడా ఆగుతుంది, అప్పుడు ఆ 3 వేలు ఎక్కడికి పోతాయి?

ఇంకో మాట, హెపటైటిస్ బి టీకా వేసుకున్నవా? మూడు డోసులు, మొదటిది వేసుకున్నంక నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. వార్డుల్లోకి పోయేటోళ్లందరు వేసుకోవాలి. కాలేజీలో అడుగు, వాళ్లు వేయించకపోతే పోస్టింగ్ ఉన్న ఆస్పత్రిలోనే సిస్టర్లను అడుగు. ఇది ఖర్చు కాదు, తప్పనిసరి.

పైసలు కావాల్నంటే సాయంత్రం పిల్లలకు ట్యూషన్ చెప్పు. నేను ఇప్పుడు మా వాడలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు ఐదుగురికి సైన్స్, లెక్కలు చెప్తున్నా, తలా 400, నెలకు 2 వేలు వస్తున్నాయి, రోజుకు గంటనే. పరీక్షలప్పుడు నాలుగు రోజులు సెలవు అంటే వాళ్లు ఏమనరు.

మర్రిగూడ_పిల్ల:

అన్నా, చదువుతుంటెనే భయమైంది. ఆ నైట్ డ్యూటీకి పోను, ఇయ్యాలనే ఆయనకు ఫోన్ చేసి చెప్పిన. టీకా ఒక్క డోసు కాలేజీల వేసిండ్రు, రెండోది ఎప్పుడో ఎవ్వరు చెప్పలే, రేపు అడుగుత.

అక్కా, అన్నం పెరుగు ఇయ్యాల చేసిన, నిజంగనే 11 దాక ఏం కాలే. కాలేజీ హాస్టల్‌ల ఉండాలె అని ఏం లేదు మాకు, బయట ఉండొచ్చు. స్కాలర్‌షిప్ గురించి ఎవరికన్న తెలిస్తే చెప్పుండ్రి, ఏది ఎవరి ఖాతాల పడతదో కూడ నాకు సమజైతలేదు. మేం బీసీ.

మీసేవ_సెంటర్_కల్వకుర్తి:

అమ్మా, నేను కల్వకుర్తిలో మీసేవ నడుపుతాను. ప్రతి ఏడు మీ అసోంటి పిల్లలు వందల మంది వస్తరు, ఎక్కువ మందికి ఇదే గందరగోళం ఉంటది కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నా.

ఈపాస్‌ల (సర్కారు స్కాలర్‌షిప్ సైట్) నువ్వు పెట్టిన ఒక్క అప్లికేషన్‌తోని రెండు రకాల పైసలు ఉంటయి. ఒకటి ఫీజు రీయింబర్స్‌మెంట్, అది కాలేజీ ఖాతాకు పోతది. రెండోది మెయింటెనెన్స్, అంటే మనం స్కాలర్‌షిప్ అనేది, అది నీ ఖాతాల పడతది. కన్వీనర్ కోటా కాబట్టి నీకు రెండూ వర్తిస్తయి, మేనేజ్‌మెంట్ కోటాల చేరినోళ్లకు రీయింబర్స్‌మెంట్ రాదు, ఇది తెలియక చేరి ఆగమైనోళ్లను చాలా మందిని చూసిన. బీసీలకు ఊర్లల్ల అయితే ఇంటి ఆదాయం ఏడాదికి లక్షన్నర లోపు, టౌన్‌ల అయితే 2 లక్షల లోపు ఉండాలె.

బకాయిల సంగతి నీకు తెలిసిందే, రాష్ట్రమంతట కాలేజీలకు ఏండ్ల సంది పెండింగ్ ఉన్నయి, 2025ల కాలేజీలు బంద్ కూడ పెట్టినయి. అందుకనే కాలేజీలు పిల్లలను కట్టుమంటున్నయి. నువ్వు కట్టిన 40 వేలకు రసీదు తీసుకున్నవా లేదా? ఉత్త కాయితం మీద రాసిచ్చింది కాదు, కాలేజీ పేరు, తారీఖు, దేనికి కట్టినవో ఉన్న రసీదు. వాపస్ ఇస్తం అని చెప్పిన మాట కూడ రాసి ఇయ్యమను, ఇయ్యకపోతే నువ్వే ప్రిన్సిపాల్ పేరు మీద ఒక దరఖాస్తు రాసి, దాని జిరాక్స్ మీద ముద్ర వేయించుకొని పెట్టుకో. నాలుగేండ్లకు సర్టిఫికెట్ల కోసం పోయినప్పుడు ఆ కాయితం లేకుంటే నువ్వే బాకీ ఉన్నవు అంటరు.

ఇగ అప్లికేషన్ ఎందుకు ఆగుతదో చెప్త. పదో తరగతి మెమోల పేరు, ఆధార్‌ల పేరు ఒక్క తీరుగ లేకుంటే ఆగుతది, ఇంటిపేరు ఒక దాంట్ల పూర్తిగ ఒక దాంట్ల ఒక్క అక్షరం ఉన్నా సరే. వేలిముద్ర వెయ్యకపోతే ఆగుతది. ఆదాయం సర్టిఫికెట్ పాతది పెడితే ఆగుతది. కాలేజీల హార్డ్ కాపీ ఇయ్యకపోతే వాళ్లు ముందటికి పంపరు. ఇయన్నీ అయినంక కూడ పైసలు పడకపోతే బ్యాంకుకు ఆధార్ లింకు చూడు. చానా మందికి రెండు మూడు ఖాతాలు ఉంటయి, ఇంటర్‌ల ఒకటి, కాలేజీ చేరినంక ఒకటి, ఈపాస్‌ల ఇచ్చింది ఒకటి, ఆధార్ సీడింగ్ అయింది ఇంకొకటి. ఆధార్ వెబ్‌సైట్‌ల బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటది, ఓటీపీ కొడితే ఏ బ్యాంకో చూపిస్తది, రూపాయి ఖర్చు లేదు. తేడా ఉంటే బ్యాంకుకు పోయి ఫారం ఇచ్చి రా. రెన్యువల్ ప్రతి ఏడు నువ్వే చేసుకోవాలె, దానంతట అదే కాదు.

ఇంకో తోవ ఉంది, దాన్ని పిల్లలు సిగ్గుపడి వదులుకుంటరు. నల్లగొండల బీసీ కాలేజీ అమ్మాయిల సంక్షేమ హాస్టళ్లు ఉన్నయి, ఎస్సీ ఎస్టీలవి కూడ వేరే ఉన్నయి. ఉండుడు, తిండి ఉచితం. మెస్ చార్జీలు 2024 ఆఖరుల పెంచిండ్రు, ఇంటర్ నుంచి పీజీ దాక ఒక్కొక్కరికి నెలకు 1,500 ఉండేది 2,100 చేసిండ్రు. అక్కడ ఉంటే మెయింటెనెన్స్ పైసలు హాస్టల్ లెక్కల పోతయి, నీ చేతికి రావు, గని నెలకు 4,500 మిగులుతయి గదా. సీట్లు తక్కువ, ఖాళీలు నడిమిట్ల కూడ అయితయి, కాబట్టి బీసీ సంక్షేమ ఆఫీసుల దరఖాస్తు ఇచ్చి నెలకోసారి పోయి అడుగు. పొద్దుగాల టిఫిన్ టైము కూడ అప్పుడే అడుగు.

వనపర్తి_పెద్దన్న:

అందరు మంచిగ చెప్పిండ్రు. నాకు ఆ 40 వేల మిత్తి ఒక్కటి మనసుల పడ్డది. 3 రూపాల మిత్తి అంటే నెలకు 1,200, ఏడాదికి 14,400. అంటే మీ నాయిన నెల నెల కట్టే మిత్తి పైసలతోని దాదాపు ఆ అక్క చెప్పిన రూము వంతు కిరాయి ఎల్తది. ముందు అది దించాలె.

అమ్మ మహిళా సంఘంల ఉన్నదా? ఉంటే సంఘంల లోను అడగమను, ఆ మిత్తి ఈ మిత్తిల సగం కూడ ఉండదు. అది తీసి ఇది కట్టేయుండ్రి, ఊర్ల అప్పు తీరినంక సంఘానికి నెల నెల కట్టుకోవచ్చు.

రెండోది, ఎడ్యుకేషన్ లోన్. మా చెల్లె కూడ నర్సింగే చేసింది, 2019ల. బ్యాంకు అంటే మా నాయిన భయపడ్డడు, ఆస్తి పెట్టాలె అనుకున్నడు. 4 లక్షల లోపు లోనుకు ఆస్తి కుదువ పెట్టనక్కర లేదు, మన చేతికెళ్లి ముందు కొంత కట్టాలె అన్నది కూడ లేదు. ఫీజే కాదు, హాస్టల్ ఖర్చు, పుస్తకాలు, యూనిఫాం, సామాన్లు కూడ దాంట్ల రాయొచ్చు, ఇది చానా మందికి తెల్వదు. కాలేజీ నుంచి బోనఫైడ్, ఏడాది ఏడాది ఖర్చు రాసిన లెటర్ తీసుకొని పోవాలె. ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉంటే కేంద్రం వడ్డీ రాయితీ స్కీం ఉంది, చదువుకున్నన్ని రోజులు, ఆ మీద ఇంకో ఏడాది వడ్డీ వాళ్లే కడతరు, కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ అప్రూవల్ ఉన్నదో లేదో చూసుకోవాలె. దాని కోసం ఆదాయం సర్టిఫికెట్ బ్యాంకుల వేరే ఇయ్యాలె, మేం ఇయ్యలే మొదలు, ఏడాది వడ్డీ మీద పడ్డది, తర్వాత మేనేజర్ మారినంక కొత్త సారు చెప్పిండు.

బ్యాంకుకు పోతే మొదటి సారి తిప్పుతరు. మమ్ములను మూడు సార్లు తిప్పిండ్రు, సంతకం పెట్టే సారు లేడని ఒకసారి, మీ ఊరు మా బ్రాంచ్ కిందికి రాదని ఒకసారి. విద్యాలక్ష్మి పోర్టల్‌ల ఆన్‌లైన్ల పెట్టి ఆ నంబర్ తీసుకొని పోయినంక పని అయింది, ఎందుకంటే రికార్డుల ఎక్కింది, లేదంటే ఎందుకు లేదో వాళ్లు రాయాలె.

ఒక్క మాట, లోన్ దొరుకుతది గదా అని మొత్తం తీయకు. రీయింబర్స్‌మెంట్ రాని ఏడాదికి ఎంత తక్కువ పడతదో అంతే తీసుకో. మా చెల్లె ఇప్పుడు హైదరాబాద్‌ల కొలువు చేసుకుంట తనే కట్టుకుంటుంది, ఇంట్ల మీద పడలే.

గవర్నమెంట్_నర్సింగ్_థర్డ్ఇయర్:

హాయ్, ఇది ఇంకా జాయిన్ కానోళ్ల కోసం కూడా రాస్తున్నా. గవర్నమెంట్ నర్సింగ్ కాలేజీల్లో స్టైపెండ్ ఉంటది. 2021లో పెంచారు, అంతకుముందు ఫస్ట్ ఇయర్‌కు 1,500 ఉంటే 5,000 చేశారు, సెకండ్ ఇయర్ 6,000, థర్డ్ ఇయర్ 7,000, బీఎస్సీ ఫోర్త్ ఇయర్ 8,000. అందుకే ర్యాంక్ దగ్గర్లో ఉంటే ఊరికి దూరమైనా గవర్నమెంట్ సీటే పెట్టుకోమని చెప్తా మా చెల్లెండ్లకు. కానీ నెల నెలా 1వ తారీఖున పడుతది అనుకోవద్దు, మాకు కొన్ని నెలలది కలిపి ఒక్కసారి పడ్డది, పై అక్క చెప్పిన గ్యాప్ మాకూ ఉంది. నేను స్టైపెండ్ పడ్డ రోజే పరీక్ష ఫీజు పైసలు తీసి పోస్టాఫీసు ఖాతాలో వేస్తా, దానికి ఫోన్ పే లింక్ చేయలే కావాలనే.

మర్రిగూడ, నువ్వు టెన్త్, ఇంటర్ రెండూ గవర్నమెంట్‌లోనే చదివినవా? అయితే అజీమ్ ప్రేమ్‌జీ స్కాలర్‌షిప్ చూడు. సర్కారు బడిలో, సర్కారు కాలేజీలో చదివి డిగ్రీ ఫస్ట్ ఇయర్ చేరిన అమ్మాయిలకు ఏడాదికి 30,000, కోర్సు అయ్యేదాకా. మన తెలంగాణకు కూడా ఉంది. ఫస్ట్ ఇయర్‌లోనే అప్లై చేయాలి, సెకండ్ ఇయర్ అయితే తీసుకోరు, కాబట్టి ఇయ్యాలనే వాళ్ల సైట్ చూసి తారీఖులు కనుక్కో. అప్లికేషన్‌కు ఫీజు లేదు, ఎవరన్నా మధ్యల పైసలు అడిగితే వాళ్లు మోసం.

పుస్తకాలు కొత్తవి కొనకు. హైదరాబాద్‌లో కోఠి దగ్గర పాత పుస్తకాలు దొరుకుతయి, ఎంజీబీఎస్ నుంచి దగ్గరనే, ఎక్స్‌ప్రెస్‌లో మనకు ఫ్రీ. ఎడిషన్ ఒక్కటి వెనకదైనా అనాటమీ మారదు.

మర్రిగూడ_పిల్ల:

పదిహేను రోజుల తర్వాత రాస్తున్న, ఇంతమంది ఇంత టైం పెట్టి రాసిండ్రు, ఏమైందో చెప్పకపోతే మంచిగుండదు.

హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. ఐరన్ గోలీలు ఏసుకుంటున్న, నిమ్మకాయ నీళ్లతోని. ఇంట్ల చెప్పిన, అమ్మ ఏడ్చింది, మరునాడు నాయిన బస్సెక్కి పల్లీలు, బెల్లం, పుంటికూర తొక్కు తీసుకొని వచ్చిండు. నన్ను చూసి ఏమనలే, ఒక గంట కూసొని పోయిండు.

ఆధార్ సీడింగ్ చూసిన, నిజంగనే ఇంటర్‌ల తీసిన ఖాతాకు ఉంది, ఆ ఖాతా రెండేండ్ల సంది వాడక బంద్ అయింది. ఇప్పుడున్న బ్యాంకుల ఫారం ఇచ్చిన, మారింది. రసీదు ఉంది, వాపస్ సంగతి దరఖాస్తు రాసి ముద్ర వేయించుకున్న, క్లర్క్ సారు మొదలు వేయ అన్నడు, మా క్లాసోళ్లం పదకొండు మందిమి ఒక్కసారే పోయినం, వేసిండు.

అమ్మ సంఘంల 30 వేలు ఇస్తం అన్నరట వచ్చే నెల. నేను జడ్పీ హైస్కూల్, గవర్నమెంట్ జూనియర్ కాలేజీలనే చదివిన, ఆ 30 వేల స్కాలర్‌షిప్ సంగతి నాకు ఇప్పటి దాక ఎవ్వరు చెప్పలే, సైట్ చూస్తున్న. బీసీ హాస్టల్‌ల ఖాళీ లేదు అన్నరు, దరఖాస్తు మటుకు ఇచ్చి వచ్చిన. అప్పటి దాక నేను, మా క్లాసుల ఇంకో ముగ్గురం కలిసి రూము చూస్తున్నం, రామగిరి దిక్కు ఒకటి, పానగల్ రోడ్డు దిక్కు ఒకటి ఉన్నయి. గ్యాస్ బండ ఎట్ల అక్కా, మా పేరు మీద కనెక్షన్ ఇయ్యరు గదా?

ఐసీయూ_అక్క_నల్లగొండ:

9.4 అంటే తక్కువనే చెల్లె, నెల రోజులైనంక మళ్ల చూపించుకో, గోలీలు కడుపు మంట అని ఆపకు, తిన్నంక ఏసుకో.

గ్యాస్‌కు 5 కిలోల చిన్న బండ ఉంటది, ఛోటు అంటరు, గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తరు, అడ్రస్ ప్రూఫ్ అక్కర లేదు. పెద్ద బండల కెళ్లి చిన్న దాంట్లకు నింపిచ్చే దుకాణాలకు మాత్రం పోకుండ్రి. రూము చూసేటప్పుడు ఎండకాలం నీళ్లు ఎట్ల అని పక్కింటోళ్లను అడుగు, ఓనర్‌ను కాదు. రాత్రి 8కి డ్యూటీ దిగి వచ్చే తోవల లైట్లు ఉన్నయా, చీకటి పడ్డంక ఒకసారి నలుగురు కలిసి నడిచి చూడుండ్రి. కిరాయి 200 ఎక్కువైనా వెలుతురు ఉన్న తోవ తీసుకో.

నా దగ్గర ఫస్ట్ ఇయర్ పుస్తకాలు నాలుగు, ఒక బీపీ ఆపరేటస్, రెండు జతల యూనిఫాం ఉన్నయి, కొలత నీకు సరిపోకపోతే మీ నలుగుర్ల ఎవరికన్న పనికొస్తయి. ఈ ఆదివారం నాకు వీక్లీ ఆఫ్, పొద్దుగాల పదింటికి బస్టాండ్‌ల ఉంట, సంచి తీసుకొని రా.